మా మ్యూజియం పక్షులను రెండేళ్ళు దాచిన అనుభవం

మొన్న శుక్రవారం పెట్టెలన్నీ తెరిచి చూశాము. 37 నమూనాలలో ఒక్కదానికీ పురుగు పట్టలేదు. ఆ సంతోషం తగ్గకముందే రాస్తున్నాను.

గోదావరి ఒడ్డున ఉన్న మా డిగ్రీ కళాశాల పాత భవనానికి మరమ్మతులు మొదలైనప్పుడు, జంతుశాస్త్ర విభాగంలోని స్టఫ్ చేసిన పక్షులను, ఒక పునుగుపిల్లిని భద్రపరిచే పని నాకు అప్పగించారు. అవన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి ముందు చేయించినవి. పోతే మళ్ళీ రావు. జాబితా రాయడం, ఫొటోలు తీయడం, కాళ్ళకు కట్టిన చీటీలను సరిచూడడం రెండు రోజుల్లో ముగిశాయి.

పాలపిట్టను ఎత్తినప్పుడు పీఠం మీద గోధుమరంగు పొడి, నూగు పురుగులు విడిచిన పొరలు కనిపించాయి. అవి చర్మాన్నీ ఈకలనూ తినే పెంకుపురుగుల పిల్లలవి. పురుగుతో సహా పెట్టెలో పెట్టి మూస్తే రెండేళ్ళలో తీగలూ దూదీ మాత్రమే మిగులుతాయి. మందు చల్లకుండా వాటిని చంపాలంటే సున్నాకు 20 డిగ్రీల దిగువన వారం రోజులకు తక్కువ కాకుండా ఉంచాలి. పాత నమూనాల చర్మానికి లోపల ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవారు కనుక, తిండి పదార్థాలుండే ఫ్రిజ్‌లో వాటిని పెట్టడానికి వీలులేదు. అందువల్ల విడిగా ఒక డీప్ ఫ్రీజర్ కావాలని అర్జీ పెట్టాను.

లెక్కల విభాగంలోని ఉద్యోగి ఆ కాగితాన్ని పదిమంది ముందు పైకి చదివి, "చచ్చిన పిట్టలకు ఫ్రీజరేమిటి మేడమ్, నాలుగు కలరా ఉండలు వేసి మూట కట్టండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్న నాకు ఆ రోజు నోట మాట రాలేదు. కలరా ఉండల ఆవిరి మూసిన గదిలో మనుషులకు హాని చేస్తుందని, పైగా పురుగును పూర్తిగా చంపుతుందన్న నమ్మకం లేదని రాసి ఇచ్చినా ఫైలు పదకొండు వారాలు కదలలేదు. ఈలోగా ఒక కొంగ మెడ ఈకలు రాలిపోయాయి. ఆ నష్టాన్ని నేను నేటికీ క్షమించలేదు. చివరకు ఐస్‌క్రీమ్ దుకాణం వారు అమ్మేసిన పాత ఫ్రీజర్‌ను నా జీతంతో కొన్నాను. ఇలాంటి పనికి పూనుకునేవారు మంజూరు కోసం ఎదురుచూడవద్దని గట్టిగా చెబుతున్నాను.

చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు వేసుకుని, ఒక్కొక్క నమూనాను పాలిథీన్ సంచిలో గాలి చొరకుండా మూసి రెండేసి వారాలు ఉంచాను. బయటకు తీశాక ఒక పూర్తి రోజు సంచి విప్పకూడదు. తొందరపడితే గాలిలోని చెమ్మ నేరుగా ఈకల మీద నీరై చేరుతుంది. ఆ తరువాత మాత్రం పాలిథీన్ పనికిరాదు, లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది. గంజి పెట్టని ఉతికిన నూలుగుడ్డ కప్పి, పీఠాన్ని పెట్టె అడుగుకు మరలతో బిగించి, ఈకలు ఎక్కడా తగలకుండా అమర్చాను. పెట్టెల మీద విషమని రాసి, బయటి గోడకు దూరంగా, నేలకు అడుగు ఎత్తున బల్లల మీద ఉంచాను. వానాకాలంలో గదిలో తేమ 50 శాతం దాటకుండా యంత్రం నడిపి, నెలనెలా జిగురు అట్టలకు అంటిన పురుగులను లెక్కపెట్టాను.

పాలపిట్ట రెక్కల నీలం ఏమీ వెలిసిపోలేదు. ఫ్రీజర్‌ను కొత్త మ్యూజియం పక్క గదిలోనే ఉంచాను. బయటినుంచి వచ్చే ఏ నమూనా అయినా ముందు అందులోకి వెళ్ళాకే అల్మారా ఎక్కుతుంది.