నిద్ర గురించి అడిగిన డాక్టరు

నాకు లూయీ బాడీ డిమెన్షియా ఉంది. తెలివినీ కదలికలనూ దెబ్బతీసే మెదడు జబ్బు ఇది. పూర్తిగా నయమయ్యేది కాదు. అయినా ఒకప్పుడు మంచం దిగలేకపోయిన నేను ఈ రోజు కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. బుద్ధి తేటగా ఉన్న పూట రాస్తాను, మసకబారగానే ఆపేస్తాను. తప్పులుంటే మా అమ్మాయి దిద్దుతుంది.

మొదట నాకు వచ్చింది మతిమరుపు కాదు. పేర్లు, పుట్టినరోజులు, ఎవరికి ఏం చెప్పానో అన్నీ గుర్తుండేవి. చూపు బాగానే ఉన్నా మెట్లు దిగేటప్పుడు అడుగు ఎక్కడ వేయాలో తోచేది కాదు. బడిలో లెక్కలు చెప్పిన దాన్ని, చిన్న కూడిక దగ్గర ఆగిపోయేదాన్ని. మర్నాడు అదే కూడిక ఇట్టే చేసేసేదాన్ని. ఒక పూట చలాకీగా మాట్లాడి, మరో పూట గోడ వైపు చూస్తూ కూర్చుండిపోయేదాన్నట. మొదట చూసిన వైద్యుడు దిగులన్నారు. తరువాత చూసినాయన అల్జీమర్స్ అన్నారు. ఇద్దరూ మంచివాళ్లే, కానీ ఇద్దరూ అడిగింది జ్ఞాపకశక్తి గురించే.

ఆ తరువాత పిల్లలు కనిపించడం మొదలైంది. వెలుతురు తగ్గగానే గది మూలన ఇద్దరు ముగ్గురు నిలబడేవారు. మాట్లాడరు, కదలరు. చొక్కా గుండీలు సైతం లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండేవారు. వాళ్లు లేరని నాకు చాలాసార్లు తెలుస్తూనే ఉండేది, భయం కూడా వేయలేదు. కంగారుపడింది మావారు.

ఒకసారి జ్వరంలో బాగా కలవరించి, లేచి తిరుగుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్లారు. నన్ను శాంతపరచడానికి హాలోపెరిడాల్ అనే, భ్రమలను, ఉద్రేకాన్ని అణిచే మందు సూది వేశారు. ఆ మందుతో కొయ్యబారిపోయాను. చేతులు వంగలేదు, గుటక పడలేదు. చుట్టూ ఉన్నవాళ్ల మాటలు వినిపిస్తున్నా కళ్లు తెరిచే శక్తి లేదు. ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందికి ఆ కోవ మందులు ఇలాగే తిరగబడతాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. తేరుకోవడానికి వారాలు పట్టింది.

నన్ను నిలబెట్టిన న్యూరాలజిస్టు (మెదడు, నరాల వైద్యుడు) నా వైపు కాకుండా మావారి వైపు తిరిగి మొదటి ప్రశ్న అడిగారు. "ఆవిడ నిద్రలో అరుస్తారా? కలలో కొట్లాడుతున్నట్టు చేతులు విసురుతారా?" మావారు కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పారు. ఎన్నో ఏళ్లుగా నేను నిద్రలో తన్నేదాన్నట, ఒకసారి ఆయన పెదవి కూడా చిట్లిందట. అందుకే మంచాలు వేరు చేశారు. అది జబ్బు లక్షణమని ఆయనకెలా తెలుస్తుంది? కల వచ్చే వేళ సడలిపోవాల్సిన కండరాలు సడలకపోవడం, జ్ఞాపకశక్తి తగ్గడానికి చాలా ఏళ్ల ముందే మొదలుకావచ్చునని ఆ డాక్టరు గారు వివరించారు.

తరువాత నన్ను పరీక్షించారు. బొటనవేలితో చూపుడువేలిని టకటకా తాకమన్నారు. నాలుగైదు సార్లకే వేళ్ల కదలిక చిన్నగా, మెల్లగా అయిపోయింది. మణికట్టు పట్టుకుని తిప్పితే ఆగి ఆగి కదిలింది. పడుకోబెట్టి రక్తపోటు చూసి, నిలబెట్టి మళ్లీ చూశారు. నిలబడగానే పై అంకె 20 పాయింట్లకు పైగా తగ్గింది. మూడు మాటలు చెప్పి కొంతసేపటికి అడిగితే మూడూ చెప్పాను. కానీ ఒకదాని మీద ఒకటి పడిన రెండు పంచభుజాలను చూసి గీయమంటే నా చేతికి రాలేదు. జామెట్రీ నేర్పిన చేతికి! ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

వైద్యులు అనుసరించే 2017 నాటి ప్రమాణాల ప్రకారం డిమెన్షియాతో పాటు నాలుగు ముఖ్య లక్షణాలు చూస్తారు: తెలివి హెచ్చుతగ్గులు కావడం, పదేపదే రూపాలు కనిపించడం, కలలో చేతులు కాళ్లు ఆడించడం, పార్కిన్సన్స్ (కదలికలు మందగించే మెదడు జబ్బు) లాంటి బిగుతు లేదా మందగమనం. వీటిలో రెండుంటే ఈ జబ్బేనని భావించవచ్చు. ఒకటే ఉంటే డోపమీన్ స్కాన్ (కదలికలకు కావలసిన మెదడు రసాయనం వ్యవస్థను చూపే పరీక్ష), నిద్ర పరీక్ష వంటివి తోడు కావాలి. నాకు నాలుగూ ఉన్నాయి. అయితే పూర్తి నిర్ధారణ మరణానంతరం మెదడును పరీక్షించినప్పుడే సాధ్యం.

ఒకే జబ్బు నడకనూ చూపునూ తెలివినీ ఎలా పట్టుకుంటుందని అడిగాను. ఫ్రెడరిక్ లూయీ 1912లో పార్కిన్సన్స్ రోగుల మెదడు కణాల్లో కొన్ని ముద్దలను వర్ణించారట. వాటినే లూయీ బాడీలంటారు. అవి మెదడు పైపొరంతటా పరచుకుని డిమెన్షియా తెచ్చిన రోగి గురించి 1976లో జపాన్ వైద్యుడు కెంజి కొసాకా రాశారట. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ గడ్డకట్టడం వల్ల ఏర్పడతాయవి. ఎక్కడ చేరితే అక్కడి పని చెడుతుంది.

డాక్టరు గారు ముందు నా మందుల సంచీ తెరిచి, మూత్రం ఆపుకోలేనందుకు ఎవరో రాసిన మాత్ర తీసేశారు. అలాంటివి మెదడు కణాల మధ్య కబుర్లు మోసే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి, నాకు కొరవడిందే అది. ఆ రసాయనాన్ని నిలిపి ఉంచే రివాస్టిగ్మిన్ అనే మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. మొదట్లో వాంతి వచ్చినట్టుండేది. తరువాత పిల్లలు రావడం తగ్గింది, నా మాటల మధ్య ఖాళీలు తగ్గాయి. రాత్రి నిద్ర కోసం మెలటోనిన్ వేసుకుంటున్నాను. హాలోపెరిడాల్ ఇవ్వకూడదని రాసిన కార్డు నా పర్సులోనూ మావారి జేబులోనూ ఉంటుంది.

బిగుతు మాత్రం పోలేదు. దానికి పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా కొంచెం వాడవచ్చు గానీ పిల్లలు మళ్లీ ఎక్కువ కావచ్చట. వాళ్లు వస్తే రానివ్వండి, ఎవరి సాయం లేకుండా స్నానం చేయగలిగితే చాలునని నేనంటున్నాను. మావారు ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే నెల ఇద్దరం కలిసి డాక్టరు గారినే అడుగుతాం.