పత్తి బండిలో ఆదోనికి

ఓడ దిగి పది రోజులైనా కాళ్ల కింద నేల ఇంకా ఊగుతున్నట్టే ఉంది. కోడుమూరు దగ్గర మా మామ వాళ్ల ఊరికి వెళ్లిన మర్నాడే ఆయన పత్తి బండి ఆదోనికి బయల్దేరింది. "ఇంట్లో కూచుని ఏం జేస్తావు, రా అల్లుడా" అన్నాడు. అట్లా తెల్లవారుజామున నాలుగింటికి, డిసెంబరు చలిలో, బొలేరో పికప్‌లో డ్రైవరుకూ మామకూ మధ్య ఇరుక్కున్నాను. గేరు మార్చినప్పుడల్లా నా మోకాలు పక్కకు జరగాలి. వెనక పత్తి, దాని మీద పట్ట.

గోనెగండ్ల దాకా పత్తి రేటు, కూలి రేటు. ఆ తర్వాత మామ నా మీద పడ్డాడు.

"నెల రోజులు నడిసముద్రంలో ఏం జేసినావురా?"

"ఉప్పు కొలిచినా మామా."

డ్రైవరు కూడా నవ్వాడు. "సముద్రం ఉప్పగా ఉంటాదని చెప్పేదానికి ఓడ కావల్నా?" అన్నాడు మామ.

కిలో సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మా గొడవంతా ఆ 35 తర్వాత చుక్క పెట్టి రాసే మూడో అంకె దగ్గర. లోతు నీళ్లలో ఏళ్ల తరబడి వచ్చే మార్పు అంత చిన్నది. పరికరం ఆ మాత్రం జారిందంటే సముద్రమే మారిందని రాసేస్తాం.

ఆ పరికరం పేరు సీటీడీ. మనిషెత్తు ఇనుప చట్రం, చుట్టూ 24 బాటిళ్లు, అడుగున సెన్సర్లు. వించితో కిందికి వదిలితే సెకనుకు 24 సార్లు రీడింగు పైకి పంపుతుంది. అయితే అది ఉప్పును నేరుగా కొలవదు. వేలెడంత సన్నటి గాజు గొట్టంలోకి నీళ్లు పోతాయి, అందులోని ప్లాటినం ఎలక్ట్రోడ్ల మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూస్తుంది. దానికి నీళ్ల వేడి, ఒత్తిడి కలిపి లెక్క కడితే ఉప్పు తేలుతుంది. గొట్టం లోపల కంటికి ఆననంత జిగురు పట్టినా చాలు, దారి ఇరుకై కరెంటు తగ్గుతుంది, ఉప్పు తక్కువ చూపిస్తుంది. ఎర్ర లైటు వెలగదు, అలారం మోగదు. తప్పు అంకెను కూడా అంతే ధీమాగా చూపిస్తుంది. అందుకే పైకి తెచ్చిన ప్రతిసారీ సిరంజితో శుద్ధమైన నీళ్లు పట్టించి ఆ గొట్టాన్ని కడిగేది నా డ్యూటీ.

"మరి తప్పు చెప్తాందని నీకెట్ల తెలుస్తాది?" మామ అసలు చోటే పట్టుకున్నాడు.

సీటీడీ పైకి వచ్చేటప్పుడు లోతుకొకటి చొప్పున బాటిళ్లు మూస్తాం. ఆ నీళ్లను చిన్న గాజుసీసాల్లోకి, మూడుసార్లు అదే నీళ్లతో తొలిచి, పట్టుకుంటాం. సీసాలు ఒక రోజంతా ల్యాబులోనే ఉండి గది వేడికి రావాలి. అప్పుడు ల్యాబులో ఉప్పు కొలిచే యంత్రం, సాలినోమీటరు మీద పెడతాం. ఆ సాలినోమీటరును మాత్రం ఎందుకు నమ్మాలి? దానికీ ఒక సీసా ఉంది. అట్లాంటిక్ నీళ్లను వడకట్టి, సీలు వేసి, మీద అంకె రాసి అమ్ముతారు. మొదట్లో కోపెన్‌హాగెన్ నుంచి వచ్చేది, ఇప్పుడు ఇంగ్లండు నుంచి వస్తోంది.

"పడికట్టు రాయి అన్నమాట."

నెల రోజుల్లో నాకు తట్టని మాట. తూకానికి సరిచూసుకునే రాయి, అంతే.

ఒక సీసా మాత్రం నా పరువు తీసింది. ఒక చోట తీసిన శాంపిళ్లన్నీ సెన్సరుతో కలుస్తున్నాయి, ఒక్కటి మాత్రం ఉప్పు ఎక్కువ చూపిస్తోంది. సగం రోజు టెన్షన్. తీరా చూస్తే ఆ సీసా మూత కింద ఉండే ప్లాస్టిక్ బిరడా సరిగ్గా కూచోలేదు. రోజంతా కొంచెం కొంచెంగా నీళ్లు ఆవిరై పోయాయి, ఉప్పు మిగిలింది. మూత బిగించింది నేనే. మా సీనియర్ ఏమీ అనలేదు, లాగ్ షీటులో ఆ సీసా నంబరు పక్కన ఒక గీత గీశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎమ్మిగనూరులో ఉగ్గాని బజ్జీ. నెల రోజుల ఓడ తిండి తర్వాత దాని గురించి రాయడం మొదలుపెడితే ఆదోని చేరలేం.

ఆదోని శివార్లలో జిన్నింగు మిల్లు ముందు అప్పటికే బండ్ల వరుస. ఎండ ఎక్కాక మా వంతు వచ్చింది. పట్ట ఒక మూల తీయగానే ఒక పిల్లోడు తేమ మీటరు తెచ్చి రెండు పిన్నులూ పత్తిలోకి గుచ్చాడు. 13.1 శాతం తేమ. 12 దాటితే కొనరు. మామ ముఖం చూడలేకపోయాను.

"అది మంచు తాగిన పత్తి నాయనా. అంచున పెట్టి చూస్తే ఏమొస్తాది?" అంటూ మామ మోచేయి దాకా చెయ్యి దూర్చి లోపల గుంత చేశాడు. అక్కడ పెడితే 10.4. ఇంకో పక్క లోపల 10.8. పిల్లోడు సరేనన్నాడు.

నా చూపంతా మీటరు మీదే. పిన్నుల మధ్య కరెంటు పంపుతుంది, తడి ఎక్కువైతే బాగా పారుతుంది. మా గాజు గొట్టానికి పెదనాన్న కొడుకే. మామ చేసిన పని కూడా నాకు కొత్త కాదు. ఉత్తర బంగాళాఖాతంలో గంగా బ్రహ్మపుత్రల మంచినీళ్లు పైపొరలో పరుచుకుని ఉంటాయి, కిందికి పోయేకొద్దీ ఉప్పు గబగబా పెరుగుతుంది. మా బాటిల్ దాదాపు మీటరు పొడవు, సెన్సరు దాని కింద ఉంటుంది. ఆ మీటరులోనే ఉప్పు మారిపోతుంటే బాటిల్ మాట ఒకటి, సెన్సరు మాట ఒకటి. రెండూ నిజమే. అక్కడ తగువు తీర్చలేం. వెయ్యి మీటర్ల కింద మీటరుకూ మీటరుకూ తేడా ఉండదు కాబట్టి సెన్సరును దిద్దడానికి అక్కడి బాటిళ్లనే నమ్ముతాం. ఇదంతా మామకు చెబితే "చెయ్యి పెట్టి చూడకుండా ఎట్లరా?" అన్నాడు, ఇందులో వింతేముందన్నట్టు.

నిండు బండి కాటా ఎక్కింది. చీటీ వచ్చింది. పత్తి దించేసరికి మధ్యాహ్నం రెండు. ఇక ఖాళీ బండి తూచితే అయిపోతుంది. ఆదోని కొండ వైపు చూస్తూ నేను టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. కాటా కాడి నుంచి అరుపు: "ఆ అన్నను గూడ ఎక్కించండప్పా! పొద్దున బండిలో ఉన్నాడు గదా!"

మామ కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను చూసి నవ్వాడు. ఆయనకు గుర్తులేక కాదు. టీ గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తి, మళ్లీ ఆ గేరు పక్కన మోకాళ్లు ముడుచుకుని కూచున్నాను.