కలడో లేడో

ఆదివారం, పానగల్లు.

మధ్యాహ్నం కరెంటు పోవడంతో మా పెద్దమ్మాయి తెలుగు నోటుబుక్కు తీసుకొని వాకిట్లో వేపచెట్టు కిందికి వచ్చింది. పదో తరగతి, రేపు బడిలో స్లిప్ టెస్టు ఉందట. పోతన గజేంద్రమోక్షంలోని ‘కలడందురు దీనుల యెడ’ అనే కంద పద్యాన్ని గణాలుగా విడగొడుతూ చివరి పాదంలో ‘డివాడు’ దగ్గర ఆగి, మూడో పాదం నుంచి లెక్కిస్తే ఆరోదైన ఈ గణం జగణం కావచ్చునా అని అడిగింది. అక్కడ నాలుగు లఘువుల నలమైనా, రెండు లఘువుల మధ్య గురువుండే జగణమైనా చెల్లుతుందన్నాను. బడి వదిలిన ముప్పై ఏళ్లకు కూడా ఆ నియమం తడుముకోకుండా నోటికి వచ్చినందుకు కొంత గర్వపడ్డాను.

“మరి ఏనుగు దేవున్ని నమ్మినట్టా, నమ్మనట్టా? కలడో లేడో అంటున్నది కద నాయినా. గైడ్‌లనేమో గజేంద్రుని భక్తి అని రాసిండ్రు.”

దీనికి నా దగ్గర జవాబు లేదు. మా హైస్కూల్లో సారు తాత్పర్యాన్ని నల్లబల్ల మీద రాసేవారు, మేము ఎక్కించుకునేవాళ్లం. ఆయనను తప్పుపట్టలేను, సిలబస్ ముగిసేసరికే పరీక్షలు నెత్తిమీదికి వచ్చేవి. ‘దీనులు’ అంటే బాధలలో ఉన్నవారు అని అర్థం రాసి మార్కులు తెచ్చుకున్నాను గాని, బోరు ఎండిన ఏడాది బత్తాయి చెట్లను నరికించి గట్టు మీద ఒంటరిగా కూర్చున్న మా నాయిన ఆ మాటలోకి వస్తాడని నాకు తోచలేదు. పద్యమంటే ఎక్కడివాళ్లదో అన్నట్టుండేది. పోతనది పాత వరంగల్లు జిల్లా బమ్మెర అనీ, 1934లో సురవరం ప్రతాపరెడ్డి వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది తెలంగాణ కవులున్నారనీ ఉద్యోగంలో చేరిన తర్వాత గ్రంథాలయంలో తెలుసుకున్నాను.

ఇద్దరం మళ్లీ మొదటినుంచి చదివాము. ఈసారి గణాలు కాక మాటలు లెక్కపెట్టాము. ‘కలడు’ ఆరుసార్లు వస్తుంది. ‘లేడు’ ఒక్కసారే, అదీ చిట్టచివర. ‘అందురు’ మాత్రం మూడుసార్లు వస్తుందని అమ్మాయే పట్టుకున్నది. దీనుల పట్ల ఉన్నాడట, యోగుల పట్ల ఉన్నాడట, అన్ని దిక్కులా ఉన్నాడట. అన్నీ నలుగురూ అనగా విన్న మాటలే, మడుగులో మొసలి కాలు పట్టిన ఏనుగు తాను చూసి చెబుతున్నది ఒక్కటీ లేదు. ‘లావొక్కింతయు లేదు’ అని పూర్తిగా చేతులెత్తేయడానికి ముందే ఈ అనుమానం వస్తుంది. ఇన్నేళ్లు నేను దాన్ని స్తోత్రంలాగా అప్పజెప్పాను తప్ప, అది ప్రశ్న అని గమనించనే లేదు.

“అయితే రేపు అనుమానం అని రాయాల్నా?”

భక్తి అనే రాయి బిడ్డా, లేకుంటే నాలుగు మార్కులు పోతాయి అన్నాను. తలూపి రాసుకున్నది. తర్వాత నోటుబుక్కు మూయకుండా, మూడు ‘అందురు’ల కింద పెన్సిలుతో గీతలు గీసుకుంటూ కరెంటు వచ్చేదాకా అక్కడే కూర్చున్నది.