రెండు రంగుల అంబాసిడర్: ముందు గీత, తర్వాతనే రంగు

మా పెదనాయిన నడిపిన అంబాసిడర్, 1968 మోడల్ మార్క్ 2, ఇప్పుడు పాలమూరుల ఒక షెడ్డుల ప్రైమర్ (రంగు కింద కొట్టే మొదటి కోటు) మీద నిలబడి ఉంది. టింకరింగ్ అయిపోయింది, లప్పం పెట్టి నున్నగ పేపర్ కొట్టుడు కూడా అయిపోయింది, ఇగ మిగిలింది రంగే. రెండు రంగులు వేపిద్దామని ఇంట్ల అందరం ఒక మాట మీదికి వచ్చినం, అప్పటిసంది ఫోన్ చేసినోళ్లు, ఎదురైనోళ్లు అందరిదీ ఒకటే ప్రశ్న, ఏం రంగులు ఏం రంగులు అని. నా వరకైతే అది రెండో ప్రశ్న. ఒక రంగు ఎక్కడ ఆగాలె, ఇంకోటి ఎక్కడ మొదలు కావాలె, ఆ గీత తేలినాకనే షేడ్ కార్డు తెరవాలె. ఫోన్ల ఫోటోలు చూసి ఎర్రది తెల్లది నచ్చిందనో నీలం తెలుపు నచ్చిందనో ముందే డబ్బాలు కొనేటోళ్లు చాలామంది ఉన్నరు, అవే రంగులు గీత సరిగ్గ పడ్డ బండి మీద కండ్లు తిప్పుకోనియ్యవు, గీత తప్పిన బండి మీద ఎంత ఖరీదు పెయింట్ కొట్టినా కుదరవు.

అసలు ఈ రెండు రంగుల పద్ధతి షోకు కోసమే పుట్టలేదు. మొదటి రోజుల్ల మడ్‌గార్డులకు రాళ్లు తగుల్తయి కాబట్టి వాటికి నల్ల ఎనామిల్ కొట్టి వేడి మీద కాల్చి గట్టిపరిచేటోళ్లు, బాడీకి వేరే రంగు వేసేటోళ్లు, ఆ బాడీ రంగు బ్రష్షుతోని పొర మీద పొర వేసుకుంట ఆరబెట్టుకుంట పోతే వారాలు పట్టేది. ఫోర్డ్ మోడల్ టీ అయితే 1914 నుంచి 1925 దాక ఒక్క నలుపులనే వచ్చింది. 1920ల నడుమ డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే లాకర్ పెయింట్ తెచ్చినంక కథ మారింది, గన్‌తోని కొట్టొచ్చు, తొందరగ ఆరుతది, రంగులకు కొదవ లేదు. అట్ల అవసరానికి మొదలైంది 1950లకు వచ్చేసరికి ఫ్యాషన్ అయింది, 1955 షెవర్లే బెల్ ఎయిర్ ఫోటోలు చూసినోళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. మన అంబాసిడర్ కూడా ఆ కాలందే, 1957ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది, ఆ గుండ్రటి ఒళ్లు, వెనక మడ్‌గార్డుల మీద ఆ చిన్న రెక్కలు అన్నీ అప్పటి తీరే. మనకు మాత్రం కలెక్టర్లు మంత్రులు తిరిగిన తెల్ల అంబాసిడరే కండ్లల్ల ఉండిపోయింది, అందుకే రెండు రంగులనంగనే కొందరు మొహం అదో తీరు పెడుతున్నరు. ఆ బండి రూపానికి రెండు రంగులు పరాయివి కావు అని నేను గట్టిగ నమ్ముతున్న.

ఇగ గీత సంగతి. అంబాసిడర్ పొడవు 4.3 మీటర్లు, ఎత్తు దగ్గర దగ్గర 1.6 మీటర్లు, అంటే ఆ పొడవుకు ఎత్తు జర ఎక్కువనే. అడ్డం గీత ఒకటి పడితే చూపు పైకి పోకుండ ముందు నుంచి వెనక్కి పోతది, బండి కొంచెం కిందికి కూసున్నట్టు, కొంచెం పొడుగ్గ అనిపిస్తది. అయితే సరిగ్గ సగానికి సగం పంచితే మాత్రం రెండు రంగులు కొట్లాడుకుంటయి, ఏదో ఒకదానిదే పై చెయ్యి ఉండాలె, నా లెక్కల కింది రంగు మూడొంతులల్ల రెండొంతులు, పైది ఒక వంతు. రేకు మీద టేప్ అంటించి గీత మూడు తీర్ల పెట్టి చూసినం, టాప్ వరకే ఒకటి, అద్దాల కింద నుంచి ఒకటి, బానెట్ డిక్కీ పైభాగాలు కూడా కలుపుకోని ఒకటి. మూడోది తీసేయనీకి ఎక్కువసేపు పట్టలే, అంబాసిడర్ బానెట్ నడుమల ఎత్తుగ ఉండి పక్కలకు గుండ్రంగ దిగుతది, దాని మీద రంగు ఎక్కడ ఆపాల్నో ఆ రేకే చెప్తలేదు.

టాప్ వరకు వేస్తే చాలు, సులువు అని షెడ్డుల అందరూ అన్నరు. తలుపుల మీదుగ నీళ్లు జారే గట్టర్ వెంబడి టేప్ పెట్టుకుంట పోతే నిజంగనే మంచిగ పోతది. చిక్కంత వెనక తలుపు దాటినంక. అక్కడ టాప్ రేకు వంగి కిందికి దిగి వెనక మడ్‌గార్డుల కలిసిపోతది, జాయింట్ లేదు, మడత లేదు, బీడింగ్ లేదు, టేప్ పట్టుకోని నిలబడితే ఎటు పోవాల్నో తెల్వదు. గట్టర్ అయిపోయిన కాడి నుంచి నేరుగ వెనక అద్దం మూలకు కలిపితే పక్క నుంచి చూసినప్పుడు ఆ వంపు మీద ఒక గాయం గీత పడ్డట్టు ఉండె. ఇరవై అడుగులు వెనక్కి పోయి కండ్లు సగం మూసి చూస్తే ఇంకా ఘోరం. అప్పుడు టేప్ మొత్తం పీకి కిందికి దించినం. ముందు అద్దం అడుగు నుంచి మొదలుపెట్టి, తలుపుల అద్దాల కిందుగ పోయి, ఆ వంపు కింద నడుము మీదుగ తిరిగి, వెనక అద్దం కిందుగ వెళ్లి అవతలి పక్క వచ్చే గీతను కలుసుకునేటట్టు పెట్టినం. గీత రేకు నడుమల ఎక్కడా ఊరికే ఆగొద్దు, అయితే జాయింట్ల ఆగాలె, లేకుంటే చుట్టూ తిరిగి వచ్చి కలవాలె. ఇంకో ముచ్చట, తలుపులు బిగించి హింజులు సరిచేసినంకనే గీత పెట్టాలె, పాత బండ్లల్ల డ్రైవర్ పక్క తలుపు వాలి ఉంటది, వాలిన తలుపు మీద తీసిన గీత తలుపు ఎత్తినంక పక్కదానితోని కలవదు.

మా అమ్మది గద్వాల దిక్కు. గద్వాల చీర చూసినోళ్లకు తెలుసు, ఒళ్లు నూలు, అంచు కొంగు పట్టు, రెండు వేరే వేరే రంగులు, రెండు వేరే వేరే దారాలు, మగ్గం మీదనే ఒకదాంట్ల ఒకటి చిక్కేసి నేస్తరు. షెడ్డుకు వచ్చి టేప్ చూసి ఆమె అన్న మాట ఇది, "అంచు ఎంత వెడల్పుండాల్నో కట్టుకునే మనిషి ఎత్తు చూసి చెప్తరు బిడ్డా, రంగు చూసి కాదు." నేను చాచాకు మూడు రోజుల సంది చెప్పలేకపోతున్నది ఆమె ఒక్క మాటల చెప్పింది. చాచా అంటే మా పెయింటర్, ఆయన నవ్వి టేప్ ఇంకో వేలు కిందికి దించిండు, అక్కడనే ఖాయమైంది.

గీత ఖాయం అయినంక రంగులు తేల్చుడు అనుకున్నంత కష్టం కాలే. డిక్కీల మ్యాట్ కింద, ఎవ్వరి చెయ్యి పడని మూలకు వాటర్ పేపర్‌తోని రూపాయి బిళ్లంత జాగ మెల్లగ రుద్దినం. పైన తెలుపు, దాని కింద ఒక మీగడ రంగు, దాని కింద బూడిద కలిసిన నీలం, దాని కింద రెడాక్సైడ్ ప్రైమర్. ఒకదాని చుట్టూ ఒకటి చక్రాలు చక్రాలుగ కనిపించినయి. ఆ నీలమే బండితోని పుట్టిన రంగు, పెదనాయిన కూడా అవును మొదట్ల నీలంగనే ఉండె అన్నడు. అయితే కింద అదే ఉండనీ అని అనుకున్నం.

అనుకున్నంగనే డబ్బా కొనలే. చిన్న చీటీ మీద చూసిన రంగు పెద్ద రేకు మీదికి వచ్చేసరికి ఎక్కువ కొట్టొచ్చినట్టు కనిపిస్తది, అందుకని పాత రేకు ముక్కలకు కొట్టించి బయట పెట్టి పొద్దున, పగటీలి, సాయంత్రం చూసినం. మా దిక్కు నేల ఎర్రది. బండి పక్క భాగం వంపు తిరిగి నేల దిక్కు చూస్తది కాబట్టి ఎండల ఆ ఎర్ర మన్ను రంగు తలుపుల కింది భాగంల పడ్తది. అచ్చ తెల్ల రేకు కిందికి పోయే కొద్ది గులాబీ రంగు తేలింది, నీలం బూడిద రేకు జర మందమైంది గని చెడిపోలే. సిమెంటు రోడ్ల మీద హైదరాబాద్‌ల చూసి ఎంచుకున్న రంగు ఇక్కడ చెలక పక్కన ఆపితే వేరే కనిపిస్తది, మీరు ఏ ఊర్ల తిప్పుతరో ఆ ఊరి నేల మీదనే చూసుకోండి.

పైది లేతగనే ఉండాలె అనే దాంట్ల నాకు రెండో ఆలోచన లేకుండె. బండిల ఏసీ లేదు, నల్లగొండ పాలమూరు ఎండలు నేను చెప్పాల్నా. అమెరికాల బర్క్‌లీ ల్యాబోళ్లు 2011ల ఒక నల్ల కారు ఒక వెండి రంగు కారు పక్కపక్కన ఎండల పెట్టి కొలిస్తే, నల్లదాని టాప్ 25 డిగ్రీల దాక ఎక్కువ కాగింది, లోపలి గాలిల 5, 6 డిగ్రీల తేడా వచ్చింది. అందుకే టాప్‌కు మీగడ తెలుపు. పాల తెలుపు ఎందుకొద్దు అంటే దాని పక్కన బంపర్ క్రోమ్ మసకగ కనిపిస్తది, పగటి ఎండల కండ్లు చెదురుతయి కూడా. రెండు రంగుల పొత్తు కుదిరిందా లేదా అనేది ఫోన్ల ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూసుకోండి, రెండూ ఒకటే బూడిదగ కనిపిస్తే దూరం నుంచి గీతే ఆనదు, మరీ నలుపు తెలుపుగ విడిపోతే గీత తప్ప బండి కనిపించదు. మాది నడుమల పడ్డది.

పని పద్ధతి కూడా చెప్తా, అడిగేటోళ్లు ఉన్నరు. చాచా ముందు లేత రంగే కొడ్తడు, అది బాగ ఆరినంక మాస్కింగ్ చేసి ముదురుది కొడ్తడు, ఎందుకంటే ముదురు దాని మీద లేతది కప్పాల్నంటే ఎన్ని కోట్లు కొట్టినా సాలదు, అంచు కాడ మెట్టు లేస్తది. గీత కాడ మామూలు టేప్ కాకుండ వంపుల మీద సాగే సన్న ఫైన్‌లైన్ టేప్ పెట్టాలె, దాని మీద మామూలుది. పాత పేపర్లు కప్పొద్దు, థిన్నర్ తగిలితే అచ్చు సిర కొత్త రంగుకు అంటుకుంటది, ఖాకీ కాయితం కప్పాలె. ఆఖరి కోటు అయినంక పెయింట్ ఇంకా మెత్తగ ఉన్నప్పుడే టేప్‌ని దాని మీదికే మడిచి మెల్లగ లాగాలె, పూర్తిగ ఎండినంక లాగితే అంచు చిట్లుతది. 2కె పెయింట్, అంటే హార్డెనర్ కలిపి కొట్టేది, కొట్టించేటోళ్లకు ఒక్క మాట, దాని హార్డెనర్ల ఐసోసైనేట్లు ఉంటయి, ఊపిరితిత్తులను పాడు చేస్తయి, మొహానికి దస్తీ కట్టుకోని కొట్టే పిలగాండ్లను చూస్తే నాకు భయమైతది. బయటి గాలి పైపుల వచ్చే మాస్కు లేకుంటే ఆ పని చెయ్యనియ్యొద్దు. మేము ఎన్‌సీనే, అంటే హార్డెనర్ లేకుండనే ఆరే పాత తీరు లాకర్‌నే, ఎంచుకున్నం, మెరుపు కోసం రబ్బింగ్ ఎక్కువ చెయ్యాలె, అయినా 1968 బండికి ఆ మెరుపే నప్పుతది.

కాయితాల సంగతి మర్చిపోవద్దు. ఆర్సీల రంగు రాసి ఉంటది, మారిస్తే ఆర్టీఓ ఆఫీసుల చెప్పి ఎక్కించుకోవాలె. 2021ల వచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏండ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, కొత్తగ చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, నంబర్ల వీఏ అని వస్తది, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగ మార్చి ఉండొద్దు, రోజువారీ తిరుగుడుకు వాడొద్దు. మేము దానికే పెడుతున్నం, అందుకు కూడా పుట్టినప్పటి నీలం దగ్గర ఉండుడు నాకు ఇష్టం.

ఇంక తేలాల్సింది రిమ్ములు, రెండు రంగులు కలిసే గీత మీద వేరే రంగుతోని గీసే సన్న కోచ్‌లైన్. రిమ్ములకు పై రంగే వేస్తున్నం, నీలం ఒళ్లు కింద మీగడ రిమ్ము, నడుమల క్రోమ్ టోపీ, టాప్‌కు కింద ఒక తోడు దొరుకుతది. తలుపులు తెరిస్తే కనిపించే ఫ్రేములకు కూడా ఏ రంగో ముందే చెప్పి పెట్టాలె, మావి నీలమే. కోచ్‌లైన్‌కు చాచా మెరూన్ అంటున్నడు, నేను ముదురు నీలం అంటున్న, మెరూన్ పెడితే మూడో రంగు అయితది అని నా వాదన. రేకు ముక్క మీద రెండూ గీసి చూపిస్త అన్నడు, ఎల్లుండి పోతున్న.