పట్టిక చదవడం వేరు, విశ్లేషణ రాయడం వేరు

ఇంటర్‌లో పది మార్కుల ప్రశ్న అంటే సైడ్ హెడింగులు, ఒక్కోదాని కింద నాలుగు వాక్యాలు, చివర "ముగింపు". డిగ్రీ మొదటి సెమిస్టర్ అసైన్‌మెంటూ అలాగే రాశాను. అందులో సమాచారం తప్పు కాదు, విశ్లేషణే లేదు. ఆ తేడా నాకు తెలిసొచ్చింది ఒక జనగణన పట్టికతో.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 2001లో మగవాళ్లలో 70.32 శాతం, ఆడవాళ్లలో 50.43. 2011లో 74.88, 59.15. (తెలంగాణ కూడా ఈ లెక్కలో ఉందని మొదటే రాయాలి. లేకపోతే ఇప్పటి రాష్ట్రం అనుకుంటారు.)

"అక్షరాస్యత పెరిగింది" అంటే పట్టికను పైకి చదివినట్టే. తీసివేసి చూస్తే మగవాళ్లలో పెరిగింది 4.56 పాయింట్లు, ఆడవాళ్లలో 8.72. ఇద్దరి మధ్య ఎడం 19.89 నుంచి 15.73కి దిగింది. "ఆడవాళ్లు రెట్టింపు వేగంతో ముందుకొచ్చారు" అని రాసెయ్యబుద్ధవుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఇంకొక్క లెక్క చేయాలి. 2001 నాటికి చదువురాని మగవాళ్లు 29.68 శాతం; 4.56 అంటే అందులో దాదాపు 15 శాతం. చదువురాని ఆడవాళ్లు 49.57 శాతం, 8.72 అంటే అందులో పదిహేడున్నర శాతం. రెట్టింపులా కనిపించింది కాస్తా పక్కపక్కకి వచ్చేసింది. పెరగడానికి ఎవరికి ఎక్కువ చోటుందో వాళ్లు ఎక్కువ పెరిగారు, అంతే. ఇప్పుడు వ్యాసానికి ఒక వాదన దొరికింది. అవతలివాళ్లు కాదనడానికి వీలున్నదే వాదన. "విద్య చాలా ముఖ్యం" అన్నదాన్ని ఎవరూ కాదనరు, కాబట్టి కొట్టెయ్యొచ్చు.

కారణం దగ్గర జాగ్రత్త. అక్షరాస్యత శాతానికి జనగణన ఏడేళ్లు, ఆపై వయసువాళ్లనే లెక్కలోకి తీసుకుంటుంది. పదేళ్లలో చదువురాని ముసలివాళ్లు కొందరు పోతారు, బడికెళ్లే పిల్లలు లెక్కలోకి వస్తారు. ఒక్క పెద్దావిడ కూడా కొత్తగా అక్షరాలు దిద్దకపోయినా శాతం పెరుగుతుంది. అందువల్ల వయసులవారీ పట్టిక చూడకుండా పెరుగుదలను ఏ పథకం ఖాతాలోనూ వెయ్యలేం. ఆ పట్టిక దొరక్కపోతే ఈ మాటే రాయడం మేలు.

పాయింట్లకీ శాతానికీ తేడా మరవొద్దు. 50.43 నుంచి 59.15 అంటే 8.72 పాయింట్లు, శాతంలో అయితే 17 పైనే.

రాసేటప్పుడు ఉపోద్ఘాతంతో మొదలుపెట్టకూడదు. వాదనే తేలకముందు దేనికి ఉపోద్ఘాతం? లోపలి పేరాలు ముందు. ఒక్కోటీ 120 నుంచి 150 మాటలు: నా మాట, దానికి అంకె, ఆ అంకె ఏం చూపిస్తుంది, ఏం చూపించదు. నాలుగోదే అందరూ వదిలేసేది. డ్రాఫ్ట్ అయ్యాక "ఎందుకంటే", "అందువల్ల" ఉన్న వాక్యాల కింద పెన్సిల్‌తో గీత గీస్తాను. ఏ పేరాలో గీత పడలేదో అది ఉత్త వర్ణన.

చూపించడానికి వెళ్లినప్పుడు "బాగుందా మేడం?" అంటే "బాగుంది" అనే జవాబే వస్తుంది. "మూడో పేరాలో ఈ అంకె నా మాటను నిలబెడుతుందా మేడం?" అని అడిగితే ఆవిడ పెన్ను తీస్తారు.