దీపావళి దాటాకే లెట్యూస్

తోటకూర గింజల్లాగే చల్లి నీళ్లు పోస్తే సలాడ్లలో పచ్చిగా తినే ఆకుకూర లెట్యూస్ కూడా వచ్చేస్తుందన్న ధీమాతో, మొదటి ఏడాది ఉగాదికి కాస్త ముందు మా మల్కాజిగిరి ఫ్లాట్ బాల్కనీలో రెండు కుండీలు సిద్ధం చేశాను. పదిహేను రోజులు గడిచినా ఒక్క మొలకా రాకపోవడంతో గింజలు పాతవై ఉంటాయని దుకాణం మీద విసుక్కున్నాను గానీ, తప్పు పూర్తిగా నాదేనని తరువాత తెలిసింది.

ఈ గింజకు రెండు పట్టింపులున్నాయి. మట్టి 15 నుంచి 20 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు చక్కగా మొలకెత్తే గింజ, 30 డిగ్రీలకు చేరువైతే చాలా రకాల్లో నిద్రాణమైపోతుంది. పైగా మొలకెత్తడానికి దానికి వెలుతురు కావాలి. నేనేమో మార్చి ఎండలో, అర అంగుళం లోతున పాతిపెట్టి ఎదురుచూశాను!

అందుకే ఇప్పుడు దీపావళి దాటి రాత్రులు చల్లబడ్డాకే విత్తుతున్నాను. అప్పటికీ పగటి వేడి తగ్గకపోతే గింజలను తడిగుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచుతాను. పెరుగు గిన్నె పక్కన ఆ డబ్బా తెరిచి చూసిన మా అత్తయ్య, "జీలకర్ర ఎందుకు నానబెట్టావమ్మా?" అని అడిగారు. ఆవిడ పొరపడటంలో వింత లేదు. సన్నగా, చదునుగా, మొనదేలి ఉండే ఆ గింజ జీలకర్రకు చిన్న చెల్లెలిలాగే ఉంటుంది.

వేర్లు లోతుకు పోవు కనుక ఆరంగుళాల లోతున్న వెడల్పాటి కుండీ చాలు. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చి, బాగా తడిపి, గింజలను పైపైన చల్లి అరచేత్తో మెల్లగా అదుముతాను. వాటి మీద కోకోపీట్‌ను పసుపు చల్లినంత పలచగా రాలిస్తే సరిపోతుంది. మగ్గుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి కాబట్టి మొలకలు నిలదొక్కుకునే వరకూ స్ప్రేయరే వాడాలి. వారంలోపే మొలకలు కనిపిస్తాయి. నాలుగేసి ఆకులు వచ్చాక మొక్కకూ మొక్కకూ ఎనిమిదంగుళాల దూరం ఉండేలా పలచన చేస్తాను. పీకిన లేత మొక్కలు ఉల్లి, కీరా ముక్కలతో, నిమ్మరసంతో ఆ పూటే చెల్లిపోతాయి.

పావురాలు వాలకుండా వల తప్పదు. పేనుబంక పడితే ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టి కడుగుతాను. పచ్చిగా తినే ఆకు మీద వేపనూనె చేదు నిలవడం నాకు నచ్చదు.

ఆకులు క్యాబేజీలా గుండ్రంగా ముడుచుకునే ఐస్‌బర్గ్ రకం జోలికి నేను పోను, దానికి కావలసినంత పొడవైన చలికాలం మనకు లేదు. విడి ఆకుల రకాలైతే నలభై, నలభై ఐదు రోజులకే కోతకు వస్తాయి. ఉదయాన్నే బయటి ఆకులు మాత్రమే తుంచుకుంటే లోపలివి వస్తూనే ఉంటాయి. తుంచిన చోట తెల్లని పాలు ఊరుతాయి. లాటిన్‌లో పాలను సూచించే మాట నుంచే ఈ మొక్కకు లాక్టూకా అన్న శాస్త్రీయ నామం వచ్చింది. ఫిబ్రవరి చివర ఎండ ముదిరి, నడిమి కాడ నిటారుగా పైకి లేచిందంటే ఆకు చేదెక్కిందన్నమాటే. అప్పుడు మొక్కలన్నీ పీకేసినా, ఈసారి ఒక్కదాన్ని వదిలేశాను. చామంతి కుటుంబానిదే కనుక చిన్న పసుపు పూలు పూసి, దూదిపింజలతో గింజ కట్టింది. ఆ గింజలు కాగితం పొట్లంలో, పెరుగు గిన్నె పక్కనే, దీపావళి కోసం చూస్తున్నాయి.