చేతిలో ఉన్న మాట

నిన్న సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలోని అక్కగారింట్లో, పదో తరగతి చదివే మేనకోడలు కొత్త మిక్సీతో వచ్చిన పుస్తకాన్ని తిరగేస్తూ, “మావయ్యా, దీన్ని మాన్యువల్ అని ఎందుకంటారు?” అని అడిగినప్పుడు, మనిషి చేసే పనిని వివరించేది కనుక ‘మ్యాన్’ నుంచి వచ్చిందని క్షణమైనా ఆలోచించకుండా చెప్పేశాను. రాత్రి నిఘంటువు తీసి చూస్తే అది శుద్ధ తప్పని తేలింది.

ఆ మాటకు మూలం, లాటిన్‌లో చేయి అని అర్థమిచ్చే ‘మానుస్’. చేతికి అందుబాటులో ఉంచుకునే చిన్న పుస్తకం మాన్యువల్, చేత్తో రాసినది మాన్యుస్క్రిప్ట్. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరిన మాన్యుఫ్యాక్చర్‌కు అసలు అర్థం చేత్తో చేయడమే. మంగళగిరి మగ్గం మీద నేసిన చీరకు అక్షరాలా తగిన ఆ మాటను ఇప్పుడు చెయ్యి తగలకుండా యంత్రాలు తయారుచేసే వస్తువులకు వాడుతున్నాం. మేనేజ్ కథ మరీ చిత్రమైనది. ఇటాలియన్‌లో గుర్రాన్ని అదుపుచేసి నడిపించడానికి వాడిన మాట నుంచి వచ్చిన ఆ పదం (మా ఆఫీసులో మేనేజర్లకు ఈ సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు) నేడు మనుషులను నడిపించడానికి స్థిరపడింది. మనకు చేవ్రాలు, చేనేత, చేపట్టడం, చేజారడం ఉన్నట్టే వాళ్లకూ ఇవి ఉన్నాయన్నమాట. ‘మ్యాన్’ మాత్రం జర్మానిక్ శాఖ నుంచి వచ్చిన వేరే మాట.

ఉదయమే ఫోన్ చేసి తప్పు దిద్దబోతే, మేనకోడలు అప్పటికే నా వివరణను స్నేహితురాళ్లందరికీ చెప్పేసిందట.